కృషివిద్యయు భూదాన కళాశాలలును

మన సంఘ విద్యానిధి నుండి వైద్యమునకును, యంత్రశాస్త్రమునకును వేతనములు కోరు బాలురు పెక్కండ్రు గలరు. కృషివిద్యకై కోరువా రరుదు. సేద్యమునకు చదు వేల యని పెద్దలే యనుచున్నారు. కృషిపరాశరమున వర్షలక్షణము, బీజసంగ్రహము, గోరక్షణము శాస్త్రముగనే చెప్పబడినవి గదా! కావున ఈ విద్య అమెరికా దేశమున నెట్లు పాదుకొనెనో కొంత వ్రాయ నుద్యమించితిమి.

అచ్చటను తొల్లి కళాశాలలు మతాచార్యులకును, న్యాయవాదులకును ఉద్దేశింపబడినట్టివే. కమ్మరి కుమారుడును, వెర్మాంటు ప్రతినిధియు నగు జస్టిన్ మోరిల్ తెచ్చిన చట్టమును 1859లో అధ్యక్షుడు బుకానను త్రోసిపుచ్చెను. అంతర్యుద్ధము జరుగుచుండగనే 1862 జూలై 2వ తేదీన లింకను దానిపై చేవ్రాలు చేసెను. కాంగ్రెసు ఉభయసభలలో రాష్ట్రమునకు గల ఒక్కొక్క సభ్యునికి 30,000 ఎకరముల వంతున భూమి యొసగబడెను. దానిని విక్రయించిన ధనమును మూలధనముగా నుంచి, వడ్డీతో కృషివిద్యను, యంత్రవిద్యను గరపవలెను, అసలు ముట్టరాదు. మన సత్రముల మాన్యములు హరించిపోయిన విధ మెరిగినవారికి ఈ నిబంధన విలువ తెలియును. ప్రాచీనభాషలను మానుమని ఆ చట్టము చెప్పలేదు. సంస్కృతోపాధ్యాయులమైన మాకు ఆ మాట మిక్కిలి ప్రియము.

అయితే ఆ భూము లెవరివి? ఆదిమజాతుల నుండి స్వల్పధనమునకో, బలముననో లాగికొన్నవి. దానము చేసినవా డొకడు, పోగొట్టుకొన్నవా డొకడు. ఈ మాట దాచి చరిత్ర వ్రాయుట మాకు సమ్మతము గాదు.

ఫలము పొందినవారిలో ఒక్కని జెప్పుదుము. బానిసగా పుట్టిన జార్జి వాషింగ్టను కార్వరునకు, నల్లజాతివాడను కారణమున, ఒక కళాశాల ద్వారము మూసెను. అయోవా వ్యవసాయ కళాశాల 1891లో అతనిని చేర్చుకొనెను. 1896లో ఉన్నతపట్టము నొంది అలబామాలోని టస్కిగీకి బోయి, ప్రత్తిచే సారము చచ్చిన నేలలో వేరుసెనగ, అలసంద పైరులు మార్చి వేయుడని పేదరైతులకు బోధించెను. 1906లో బండిపై పరికరము లెక్కించి బడినే పల్లెకు పంపెను. పరిశోధనక్షేత్రములకు 1887లోను, పొలమునకే పోయి చెప్పు విస్తరణశాఖకు 1914లోను వేరు చట్టములు వచ్చినవి.

మనకు బాపట్ల కళాశాల 1945 నాటిది. 1964లో హైదరాబాదున వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసినపుడు, మోరిల్ చట్టపు సంతానమే యగు కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము తోడ్పడెను. బోధన, పరిశోధన, విస్తరణ ఒక్క గూటనుండు పద్ధతి అచ్చటినుండి వచ్చినదే.

విద్యానిధి పోషకులు ఈ మహాసభయందే కృషివిద్యార్థులకు రెండు వేతనములు, అందొకటి బాలికకు, ఏర్పరుపవలెనని కోరుచున్నాము. అసలు ముట్టక వడ్డీతోనే ఇయ్యవచ్చును.