నేపాల్ రాజకీయాలపై భారతదేశ ప్రభావం

హిమాలయ దేశమైన నేపాల్‌కు తూర్పు, దక్షిణ, పడమర దిక్కులు మూడింటా భారతదేశమే ఉంది. ఉత్తరాన చైనా ఉన్నా, మంచుకొండలు దాటితే గాని అక్కడికి దారి లేదు. సముద్రతీరం లేని ఇటువంటి దేశాన్ని భూపరివేష్టిత దేశం అంటారు. ఇతర దేశాలతో నేపాల్ వాణిజ్యంలో అధికభాగం భారత రేవుల మీదుగా సాగుతుంది, వంటగ్యాసు, పెట్రోలు భారతదేశం నుంచే వస్తాయి, 1,750 కిలోమీటర్లకు పైగా ఉన్న సరిహద్దును ఇరుదేశాల పౌరులు పాస్‌పోర్టు లేకుండానే దాటుతారు. నేపాల్ రాజకీయాలపై ఢిల్లీ పట్టుకు ఈ భౌగోళిక స్థితి ఎంత కారణమో, ఇంటి తగవులు తీర్చుకోవడానికి నేపాల్ పక్షాలే పదేపదే ఢిల్లీ గడప తొక్కడం కూడా అంతే కారణం.

నేపాలీ కాంగ్రెస్, నేపాల్ కమ్యూనిస్టు పార్టీ రెండూ కోల్‌కతాలోనే పుట్టాయి. వంశపారంపర్య ప్రధానులుగా రాజును నామమాత్రుణ్ణి చేసి 1846 నుంచి పాలించిన రాణాలు, తమ పదవులకు అండ దొరుకుతుందన్న ఆశతో 1950 జులై 31న భారతదేశంతో శాంతి, మైత్రి ఒప్పందం చేసుకున్నారు. అయితే అదే ఏడాది నవంబరులో రాజు త్రిభువన్ ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయంలో ఆశ్రయం పొంది ఢిల్లీకి చేరగా, రాణాలు పసివాడైన ఆయన మనవడు జ్ఞానేంద్రను సింహాసనంపై కూర్చోబెట్టారు. భారత ప్రభుత్వం ఆ పట్టాభిషేకాన్ని గుర్తించలేదు. ఢిల్లీలో కుదిరిన రాజీ ప్రకారం 1951 ఫిబ్రవరిలో త్రిభువన్ తిరిగివచ్చాడు. ప్రజాస్వామ్యానికి అది తొలిమెట్టే అయినా, ఆ తర్వాత భారత సైనిక బృందం ఖాట్మండులో తిష్ఠవేయడం, ఉత్తర సరిహద్దు తనిఖీ కేంద్రాల్లో భారత సిబ్బంది ఉండడం స్వతంత్ర దేశానికి మింగుడుపడే విషయాలు కావు.

రాజు మహేంద్ర 1960 డిసెంబరులో ప్రధాని బి.పి. కొయిరాలా ప్రభుత్వాన్ని రద్దుచేసి, పార్టీలను నిషేధించి, పార్టీరహిత పాలన అయిన పంచాయత్ వ్యవస్థను నెలకొల్పాడు. ఖాట్మండు నుంచి టిబెట్ సరిహద్దుకు రోడ్డు వేయడానికి 1961లో చైనాతో ఒప్పందం కుదుర్చుకుని, ఇద్దరు పెద్ద పొరుగువారి మధ్య తూకం పాటించే విధానానికి ఆయనే బాట వేశాడు.

ఆ తూకమే 1988లో చిక్కు తెచ్చింది. నేపాల్ చైనా నుంచి ఆయుధాలు కొనడం 1950 ఒప్పంద స్ఫూర్తికి విరుద్ధమని ఢిల్లీ భావించింది. 1989 మార్చి 23న వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరగానే భారతదేశం రెండు మినహా సరిహద్దు మార్గాలన్నిటినీ మూసివేసింది. ఇంధనం దొరక్క ప్రజలు వంటచెరకు కోసం అడవులపై పడ్డారు. ఆ కష్టాలు రాజరికంపై అసంతృప్తిని పెంచిన మాట నిజమే గాని, 1990 ఏప్రిల్‌లో రాజు బీరేంద్ర చేత పార్టీలపై నిషేధాన్ని ఎత్తివేయించింది మాత్రం వీధుల్లోకి వచ్చిన నేపాలీలే.

మావోయిస్టులు 1996లో సాయుధ పోరాటానికి ముందు ప్రభుత్వానికి సమర్పించిన 40 డిమాండ్లలో మొదటిది 1950 ఒప్పందం వంటి అసమాన ఒప్పందాల రద్దు. రాజు జ్ఞానేంద్ర 2005 ఫిబ్రవరిలో అధికారమంతా హస్తగతం చేసుకున్నప్పుడు, ఆ మావోయిస్టులే పార్లమెంటరీ పార్టీలతో 12 అంశాల అవగాహనకు ఢిల్లీలో వచ్చారు. ఆ అవగాహన 2006 ప్రజా ఉద్యమానికి, 2008లో రాజరికం రద్దుకు దారితీసింది. నేపాల్‌లోని బలమైన పక్షాలు కోరుకున్న దిశలో సాగినందువల్లే ఈసారి ఢిల్లీ ప్రమేయం ఫలించింది.

2015లో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. సెప్టెంబరు 20న నేపాల్ కొత్త రాజ్యాంగాన్ని ప్రకటించబోతుండగా, మధేసీల (భారత సరిహద్దును ఆనుకున్న మైదాన ప్రాంత వాసుల) అభ్యంతరాలు తీర్చాలని రెండురోజుల ముందు భారత విదేశాంగ కార్యదర్శి ఖాట్మండు వెళ్లి కోరినా నేతలు ఆగలేదు. వెంటనే సరుకు లారీలు సరిహద్దులో నిలిచిపోయాయి. ఇది భారత్ విధించిన దిగ్బంధమని నేపాల్, మధేసీ ఆందోళనల ఫలితమని భారత్ వాదించాయి. ఆ ఏడాది ఏప్రిల్ భూకంపంలో ఇళ్లు కోల్పోయినవారు చలికాలంలో మందులు, గ్యాసు అందక పడిన బాధను ఏ వాదమూ తగ్గించలేదు. రాజకీయంగా లాభపడింది అప్పటి ప్రధాని కె.పి. శర్మ ఓలీ: 2016 మార్చిలో చైనాతో రవాణా ఒప్పందం చేసుకున్నాడు, జాతీయవాద నినాదంతో 2017 ఎన్నికల్లో ఆయన కూటమి గెలిచింది. 2020లో ఇరుదేశాలూ తమవనే లింపియాధురా, కాలాపానీ, లిపులేఖ్‌లను నేపాల్‌లో కలిపి చూపే పటాన్ని నేపాల్ పార్లమెంటు రాజ్యాంగబద్ధం చేసినప్పుడు ప్రతిపక్షాలు కూడా అనుకూలంగా ఓటేశాయి.

1950 ఒప్పందాన్ని సమీక్షించడానికి ఇరుదేశాలు 2016లో నియమించిన ప్రముఖుల బృందం 2018లోనే నివేదిక సిద్ధం చేసినా, ఏళ్లు గడిచినా ప్రభుత్వాలు దానిని అధికారికంగా స్వీకరించలేదు.