బాడుగ కాగితంలో ఒక వరుస



ఇంగ్లండులో మన మునిసిపాలిటీల లాంటి కౌన్సిళ్లు ఇళ్లు కట్టి బాడుగకు ఇస్తాయి. 1919లో ఆడిసన్ చట్టం వచ్చాక ఇవి వేలకు వేలు లేచాయి. ఇళ్లు గట్టివే, కాపురానికే గట్టిదనం లేదు. కౌన్సిల్ నోటీసు ఇచ్చి కోర్టుకు పోతే కారణం చూపనక్కరలేదు. అరవై ఏళ్లు ఇలాగే నడిచింది.

1980 చట్టంతో ఇది మారింది. చట్టంలో రాసిన కారణం చూపితేనే కోర్టు ఖాళీ చేయిస్తుంది. షరతులు మార్చాలంటే ముందు నోటీసు ఇచ్చి, ఏం మారుస్తారో, దానివల్ల ఏమవుతుందో చెప్పాలి. బాడుగదారుల మాట వినాలి. ఆ తరవాత కనీసం నాలుగు వారాల గడువుతో ఇంకో నోటీసు ఇవ్వాలి. బాడుగ పెంచడానికి మాత్రం ఆ మొదటి నోటీసు అవసరం లేదు.

బాడుగదారు చనిపోతే భార్యకో భర్తకో, లేదా ఏడాదిగా కూడా ఉన్న కుటుంబ సభ్యుడికో ఒకసారి ఇల్లు దక్కేది. 2012 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చిన కొత్త ఇళ్లలో చట్టప్రకారం ఆ హక్కు దంపతులకే, దంపతుల్లా కలిసి ఉన్నవాళ్లకే. తల్లిని కడదాకా చూసుకున్న కూతురికి దక్కాలంటే ఒప్పందంలోనే ఆ వరుస ఉండాలి.

సర్క్యులర్లు ఫైలు చేస్తూ రిటైరైన గుమాస్తాను నేను. ఒక్క వరుస తీసేస్తే ఒక సంసారం వీధిన పడుతుంది. అందుకే కొత్త షరతుల కాగితం ఇంటికొస్తే, గడువు దాటకముందే చదివి, జవాబు రాసివ్వాలి. అడిగే హక్కు అరవై ఏళ్లకు వచ్చింది, వాడుకోకపోతే లేనట్టే.