పై చేను ముందు

పొద్దున ఏడు కాకముందే రచ్చకట్ట ముందర చిమ్మి, నీళ్లు చల్లారు. పుట్టపర్తి నుంచి బుక్కపట్నం పోయే దారికి కాస్త లోపలగా, కొండను ఆనుకున్న పల్లె ఇది. మే నెల ఎండ అప్పుడే వీపు మీద చురుక్కుమంటోంది. వేపచెట్టు నీడలో చోటు చూసుకుని మీరూ కూర్చోండి. ఎదురుగా ఒకామె కొంగు నడుముకు దోపుకుని, ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీస్తోంది.

"ముందు కొండ గీయక్కా. కొండ లేకుండా వంక యాన్నుంచి వస్తాది?" అంటున్నాడొక కుర్రాడు.

ఆమె గీసిన ఇళ్లు చెరిపేసి, కొండ దగ్గర మళ్లీ మొదలుపెడుతుంది. ఇటుక పొడి చల్లిన మేరంతా ఎర్రగరుసు నేల. వేపాకు పెడితే నీళ్లున్న బోరు, గులకరాయి పెడితే ఎండిన బోరు. చూస్తుండగానే పటం నిండా రాళ్లు పరుచుకుంటున్నాయి. ఉన్న నాలుగు ఆకులూ వంక దిగువనే, ఒకే మూలన.

ఈ పటమే రేపు నాబార్డ్ వాటర్‌షెడ్ అభివృద్ధి నిధికి వెళ్లే ప్రణాళికలో మొదటి పేజీ. 200 కోట్ల రూపాయలతో 1999-2000లో పెట్టిన నిధి అది. గ్రామ వాటర్‌షెడ్ కమిటీ, తోడుగా ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి ప్రణాళిక తయారు చేయాలి. 1990ల్లో సత్యసాయి ట్రస్టు పథకం వచ్చాక ఈ సీమలో వందల పల్లెలకు తాగునీళ్లు అందాయి. చెనిక్కాయ చేనుకు మాత్రం వానే దిక్కు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన.

ఇక నడక. అడంగల్ నకళ్లు, సర్వే నంబర్ల పటం చంకన పెట్టుకుని అందరం కొండెక్కుతున్నాం. ప్రతి చేని దగ్గరా ఆగాలి, ఆ చేను గల మొగుడూ పెళ్లాం ఇద్దరూ అక్కడ ఉండాలి. ఈ నియమం నాకెంతో ఇష్టం. ఆయన "గట్టు వేస్తే చాలు" అంటాడు. ఆమె చేని మూల చూపించి "వాన పడితే నీళ్లు ఈడ తెగ్గొట్టుకుని పోతాయి, ముందు ఈడ రాళ్లు పేర్చండి" అంటుంది. రోజూ కలుపు తీసే మనిషికి నీటి దారి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ఇద్దరు కుర్రాళ్లు ఏ-ఫ్రేమ్ పట్టుకుని వాలుకు అడ్డంగా అడుగులు వేయిస్తున్నారు. మూడు కర్రలు, నడుమ దారానికి వేలాడే రాయి, అంతే. రాయి మధ్య గుర్తు మీద నిలిచినచోటల్లా సున్నం చుక్క పెడుతున్నారు. ఆ చుక్కల వెంబడే కందకం తవ్వాలి.

వంక దగ్గరికి దిగేసరికి గొడవ మొదలైంది.

"చెక్‌డ్యాం ముందు రాసుకో సార్," అంటాడు దిగువన బోరున్న రైతు. "నీళ్లు నిలిస్తే అందరికీ మేలే కదా."

పై చేని ముసలాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటాడు. "పైన ఆపకుంటే నీ డ్యాము నిండేది నీళ్లతో కాదప్పా, నా చేని మట్టితో."

ప్రణాళిక అంటే నాకు ఈ ఘడియే. కొండ వాలున ఉన్నవి ఎక్కువగా ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు, చేతిలో రూపాయి లేనివాళ్ల చేలు. నీళ్లూ బోర్లూ కింద ఉన్నాయి, ఊళ్లో మాటా కిందివాళ్లదే చెల్లుతుంది. అందుకే పనుల వరస కొండ నుంచి లోయకు రావాలన్నది కొలతల లెక్క మాత్రమే కాదు, అది న్యాయం కూడా. ఆ వరస తిరగబడితే డబ్బు మంజూరైనా ఊరు బాగుపడదని నా గట్టి నమ్మకం. చాలాసేపు వాదించుకున్నాక కింది రైతే మెత్తబడ్డాడు. "సరే పెద్దాయనా, నీ చేనే ముందు. కానీ చెక్‌డ్యాం కాగితంలో మాత్రం ఉండాల."

మధ్యాహ్నం బడి వరండాలో లెక్కలు. నాలుగు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు తవ్వితే ఒక ఘనపు మీటరు. అంటే ఒకసారి నిండితే వెయ్యి లీటర్లు. హెక్టారు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండున్నర లక్షల లీటర్లు. డిగ్రీ చదివే అమ్మాయి ఈ రెండూ పక్కపక్కన రాసి చదివి వినిపిస్తుంటే, మాటలు ఆపి అందరూ ఆమె చుట్టూ చేరారు. ఎన్ని కందకాలు తవ్వితే ఎంత నీరు ఆగుతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారు. కూలి ఖర్చు, రాతి కట్టలు, ఊటకుంట, గట్ల మీద కంది, ఉలవ విత్తనం, అన్నీ ఒక్కో వరుసలో ఎక్కుతున్నాయి.

చివరి వరుస శ్రమదానం. పనికి వచ్చినవాళ్లు కూలిలో కొంత భాగం వదులుకోవాలి. అందులోంచే కట్టడాల మరమ్మతులకు నిధి కూడుతుంది. భూమి లేని ఇళ్లకు మినహాయింపు ఇవ్వాలని మహిళా సంఘం నుంచి వచ్చినామె పట్టుబట్టింది, రాయించింది. ఆదివారం పొద్దున్నే గడ్డపార, చలగపార తీసుకుని పై చేని దగ్గర కలుసుకోవాలని తీర్మానం. కింది రైతు రెండు పారలు తెస్తానన్నాడు.