కోళ్ల బాక్టీరియాతో మనుషులకు వచ్చే అరుదైన ఇన్ఫెక్షన్లు

కోళ్ల పేగుల్లోనో ముక్కు, గొంతుల్లోనో మామూలుగా ఉండే బాక్టీరియా ఎప్పుడో ఒకసారి మనిషికి సోకి కలిగించే జబ్బులివి. సరిగా ఉడకని మాంసం, గుడ్లతో వచ్చే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ విరేచనాలు తరచూ కనిపించేవే కాబట్టి వీటిలో చేరవు. కోళ్ల రోగం మనిషికి రావడమంటే తెలుగువాళ్లకు వెంటనే గుర్తొచ్చేది 2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయిన నరసరావుపేట పసిపాప. అయితే ఆ పాపకు సోకింది బాక్టీరియా కాదు, బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్.

ఈ బాక్టీరియా చరిత్ర కోళ్ల కలరా అనే కోళ్ల జబ్బుతో మొదలవుతుంది. ఫ్రాన్స్ పశువైద్యుడు తూసాఁ పంపిన నమూనాతో లూయీ పాశ్చర్ కోడి రసంలో ఆ సూక్ష్మజీవిని పెంచాడు. చాలాకాలం నిల్వ ఉన్న రసాన్ని ఎక్కించిన కోళ్లు చావలేదు సరికదా, తర్వాత తాజా సూక్ష్మజీవిని ఎక్కించినా తట్టుకున్నాయి. ప్రయోగశాలలో బలం తగ్గించి చేసిన తొలి టీకా అదే. పాశ్చర్ 1880లో దాన్ని ప్రకటించాడు. పాశ్చరెల్లా అని ఆయన పేరే పెట్టుకున్న ఈ బాక్టీరియా మనుషులకు ఎక్కువగా పిల్లి, కుక్క కాట్ల వల్లే సోకుతుంది. కోళ్ల నుంచి రావడం అరుదు.

గాలిబాక్టీరియం అనాటిస్ గుడ్ల కోళ్ల అండాశయాన్ని పాడుచేస్తుంది. 2003లో దీన్ని పాశ్చరెల్లా నుంచి విడదీసి కొత్త ప్రజాతిగా గుర్తించారు. ఇది మనిషి రక్తంలో దొరికిందని ఫ్రాన్స్ వైద్యులు 2013లో నివేదించారు.

ఉత్తరాంధ్ర పాఠకుడు ఎక్కువగా పట్టించుకోవలసింది ఎంటరోకాకస్ సెకోరమ్ గురించి. 1983లో బెల్జియం పరిశోధకులు దీన్ని కోడి పేగులో కనిపెట్టారు. 1997లో పోషకాహార లోపంతో చిక్కిపోయిన ఒక రోగి రక్తంలో బయటపడింది. 2000లో బెల్జియం నుంచే మరో నివేదిక వచ్చింది. ఈసారి రోగి పొట్ట ద్వారా డయాలసిస్ చేయించుకుంటున్న వ్యక్తి. ఈ పద్ధతిలో పొట్టకు అమర్చిన గొట్టం గుండా ద్రవాన్ని లోపలికి ఎక్కించి, కొన్ని గంటల తర్వాత తీసేస్తారు. ఆ ద్రవం సంచి మార్చడం చాలావరకు ఇంట్లోనే జరుగుతుంది. గొట్టం కొసకు చేయి తగిలితే క్రిములు లోపలికి చేరతాయి. బయటికొచ్చే ద్రవం తెల్లగా మసకబారడం ఇన్ఫెక్షన్‌కు తొలి గుర్తు.

ఎక్కువగా ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడే ఇలాంటి క్రిములకు సందు దొరుకుతుంది. కిడ్నీ జబ్బు ఆ శక్తిని తగ్గించేదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో, కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. వీళ్ల కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ పల్లెల్లో పెరటి కోళ్లూ మామూలే. రాత్రి గంప కింద కమ్మిన కోళ్లను తెల్లారి వదిలి, కింది రెట్టను చీపురుతో ఊడ్చేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. ఎండిన రెట్ట దుమ్ము చేతులకూ బట్టలకూ అంటుకుంటుంది.

ఈ క్రిములు అరుదుగా కనిపించడానికి గుర్తింపు కష్టం కావడం కూడా ఒక కారణం. పాత రసాయన పరీక్షల్లో ఇవి దగ్గరి జాతుల పేర్లతో నమోదైపోయేవి. జన్యు పరీక్షలు వచ్చాకే సరైన పేర్లు తేలుతున్నాయి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది. కోళ్లను చూసేవాళ్లూ రోగులను చూసేవాళ్లూ నమూనాలు పంచుకుని పనిచేయడం ఈ ప్రాంతానికి చాలా అవసరం.

డయాలసిస్‌లో ఉన్నవాళ్లు కోళ్ల రెట్ట ఊడ్చే పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి. సంచి మార్చేముందు సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళితే, ఇంట్లో కోళ్లున్నాయన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.