బర్మా వేరుపడినప్పుడు మన కైలీ

సమాఖ్య సంచికకు నేతవాళ్ళ పాత సంగతి ఒకటి రాయమని పెద్దలు అడిగినారు. గుడి కథలు, గోత్రాల కథలు రాసేదానికి తెలిసినవాళ్ళు ఉన్నారు. మేము సంఘం లెక్కలు చూసేవాళ్ళం, మాకు తెలిసింది సరుకు సంగతే.

కోవిల్‌పట్టి, విరుదునగర్ పక్క మా నేత ఇళ్ళల్లో ముసలివాళ్ళు రంగూను అంటే ఏదో పక్కూరు మాదిరి చెప్పేవాళ్ళు. ఆ కాలాన బర్మా పరదేశం కాదు, బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. మద్రాసు రాజధానిలో నేసిన కైలీలు ఓడెక్కి రంగూనుకు పోయేవి, సుంకం లేదు. అక్కడి బియ్యం, టేకు, కిరసనాయిలు అట్లే ఇక్కడికి వచ్చేవి. బర్మావాళ్ళూ నడుముకు లుంగీ కట్టేవాళ్ళే గనుక మన మగ్గానికి అది పెద్ద సంత.

1935లో చట్టం చేసి, 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీసినారు. (మన కో-ఆప్టెక్స్ పుట్టింది కూడా ఆ 1935లోనే.) వేరే దేశం అయినాక సుంకం వేస్తే కైలీ ఎవరు కొంటారు? అయితే విడదీసేదానికి ముందే ఒక ఉత్తర్వు రాసి పెట్టినారు. మూడేళ్ళ దాకా ఒకరి సరుకు మీద ఒకరు కొత్తగా సుంకం వేయకూడదు. ఆ తర్వాత వద్దనుకున్నా ఏడాది ముందు నోటీసు ఇవ్వాల. ఇది మన మీద దయతో చేసింది కాదు. బర్మా బియ్యం అమ్ముడుపోవాలంటే ఇండియా కావాల, అంతే. ఏమైనా, మగ్గం ముందు కూర్చున్నవాడికి దేశం విడిపోయిన సంగతి తెలీకుండానే ఆ నాలుగేళ్ళు గడిచినాయి.

బర్మా నోటీసు ఇచ్చింది. 1941 ఏప్రిల్ నుంచి కొత్త ఒప్పందం. సుంకం వచ్చింది గానీ, ఇతర దేశాల సరుకు కన్నా మన సరుకుకు తక్కువ. అది ఏడాది కూడా నిలవలా. 1942 మార్చిలో జపాను సైన్యం రంగూనులో దిగింది. ఓడలు నిలిచిపోయినాయి, మనవాళ్ళు అడవుల్లో పడి నడిచి వచ్చినారు, దారిలో ఎంతోమంది పోయినారు.

1948లో బర్మా స్వతంత్రం అయింది. 1964లో అక్కడి సర్కారు అంగళ్ళు స్వాధీనం చేసుకుంది, పెద్ద నోట్లు చెల్లవంది. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు తమిళనాడు ఊళ్ళల్లో బర్మా కాలనీలు ఏర్పడినాయి. విరుదునగర్‌లో బర్మా పేరుతో పరోటా కొట్టు ఇప్పటికీ ఉంది. ఆ పేరు ఎందుకని అడిగే పిల్లలు లేరు.

మొన్న 2020లో బ్రిటన్ యూరోపు కూటమి విడిచినప్పుడు కూడా, పాత పద్ధతే నడిచేదానికి పదకొండు నెలలు గడువు పెట్టుకున్నారు. ఢిల్లీ ఇప్పుడు ఎన్నో దేశాలతో ఒప్పందాలు రాస్తా ఉంది. సంతకాలు కాకముందే చేనేత కైలీకి వేరే వరుస పెట్టమని అర్జీ పంపాల. వచ్చే మహాసభలో ఆ తీర్మానం మా సంఘం తరఫున పెడతాము. మిగతా సంఘాలవాళ్ళు కూడా చేయి కలపండి.