కూర్మన్నపాలెం కొలిమిలో సమీకరణపు తూకం

గాజువాక దాటి అనకాపల్లి వైపు సాగే జాతీయ రహదారి మీది కూర్మన్నపాలేనికి పేరు తెచ్చింది దాని పక్కన వెలసిన విశాఖ ఉక్కు కర్మాగారం. ఆ కర్మాగారం కోసం 1966లో టి.అమృతరావు చేసిన నిరాహారదీక్ష, ఆ ఏడు నవంబరు 1న విశాఖలో జరిగిన పోలీసు కాల్పులు, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ చేసిన శంకుస్థాపన, 1990లో ‘గోదావరి’ పేరుతో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకోవడం తెలుగువారికి తెలిసిన వరుసే. టన్ను ఇనుముకు ఏ పదార్థం ఏ పాళ్లలో కావాలన్న రసాయన లెక్క ఈ కథను ఎంతగా నడిపిందో మాత్రం అరుదుగా చెబుతారు.

చర్యలో పాల్గొనే క్రియాజనకాలకూ, ఏర్పడే క్రియాజన్యాలకూ మధ్య ఉండే తూకపు నిష్పత్తులను లెక్కగట్టే శాఖను స్టాయికియోమెట్రీ అంటారు. జర్మన్ రసాయనవేత్త రిక్టర్ 1792లో దానికా పేరు పెట్టాడు. బ్లాస్ట్ ఫర్నేస్‌లోని ప్రధాన చర్యలో హెమటైట్, అంటే ఫెర్రిక్ ఆక్సైడ్, ఒక మోల్‌కు మూడు మోల్‌ల కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసి రెండు మోల్‌ల ఇనుమునూ మూడు మోల్‌ల కార్బన్ డయాక్సైడ్‌నూ ఇస్తుంది. మోల్ అనేది నిర్ణీత సంఖ్యలో కణాలను సూచించే కొలత కనుక, పరమాణు భారాలతో గుణిస్తే 160 కిలోల ఆక్సైడ్, 84 కిలోల వాయువు కలిసి 112 కిలోల ఇనుము, 132 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. రెండు వైపులా మొత్తం 244 కిలోలే, ద్రవ్యనిత్యత్వ నియమం కోరేదీ అదే. ఈ లెక్కన టన్ను ఇనుముకు 1429 కిలోల శుద్ధ ఆక్సైడ్, 750 కిలోల కార్బన్ మోనాక్సైడ్ కావాలి. ఆ వాయువును పుట్టించడానికి 321 కిలోల కార్బన్ సరిపోవాలి.

కానీ ఆధునిక ఫర్నేస్‌లలో సైతం కోక్, పొడిబొగ్గు కలిపి టన్నుకు 500 కిలోల దరిదాపు ఖర్చవుతాయి. కొంత కార్బన్ కరిగిన ఇనుములోనే చేరిపోవడం ఇందుకు ఒక కారణమైతే, పై నుంచి వెలువడే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఇంకా మిగిలి ఉండడం అసలు కారణం. ఖనిజంతో వాయువు కలిసి ఉండే సమయం చాలడం లేదనుకుని 19వ శతాబ్దపు ఇంగ్లండులో కొలుముల ఎత్తు పెంచుతూ పోయారు, డబ్బు తగలేశారు, మిగిలే వాయువు మాత్రం తగ్గలేదు. చర్య ముందుకూ వెనక్కూ ఒకే వేగంతో సాగే సమతాస్థితికి చేరుతుందనీ, అక్కడ ఎంత ఎత్తు కట్టినా మిగులు మిగులుగానే ఉంటుందనీ ఫ్రెంచ్ రసాయనవేత్త లె షాటెలియే వివరించాడు. పాఠ్యపుస్తకాల్లో సమీకరణం మధ్య ఉండే బాణం గుర్తు విద్యార్థికి ఈ సంగతి చెప్పకపోవడం లోపమే. ఉక్కు కర్మాగారాల్లో ఆ మిగులును వృథాగా పోనివ్వకుండా ఇంధనంగా వాడుకుంటారు.

ఖనిజంలో ఇనుముతోపాటు వచ్చే ఇసుకను, అంటే సిలికాను, వేరు చేయడానికి సున్నపురాయి వేస్తారు. 100 కిలోల సున్నపురాయి వేడికి 56 కిలోల సున్నంగానూ 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గానూ విడిపోతే, ఆ సున్నం 60 కిలోల సిలికాను పట్టుకుని లోహమలంగా కరిగిపోతుంది. సున్నం తక్కువైతే అదే పరిమిత కారకమై, మిగతా సిలికా చర్యలో పాల్గొనకుండా ఉండిపోతుంది. ఇలాంటి ముడిసరుకుల అవసరమే కర్మాగారాన్ని జగ్గయ్యపేట సున్నపురాయి గనులకూ, ఖమ్మం జిల్లా మాదారం డోలమైట్‌కూ, విజయనగరం జిల్లా గర్భాం మాంగనీసుకూ ముడివేసింది. ఇవన్నీ సంస్థ సొంత గనులే.

సమీకరణంలో అన్నిటికన్నా బరువైన ఖనిజానికి మాత్రం సొంత గని లేదు. జపాన్‌కు ఎగుమతి కోసం 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ ఓడరేవుకు దిగుతున్న కాలానికి కూర్మన్నపాలెంలో కొలిమే లేదు. కొలిమి వచ్చాక అదే ఖనిజాన్ని ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ నుంచి కొనవలసి వచ్చింది. ఆ ఖనిజంలో ఇనుము 60 శాతం పైచిలుకు కనుక టన్ను ఇనుముకు టన్నున్నర పైనే కావాలి. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయించాక కూర్మన్నపాలెంలో వెలసిన రిలే నిరాహారదీక్షల శిబిరంలో సొంత ఇనుప గనుల డిమాండు పదేపదే వినిపించడానికి ఈ టన్నున్నర లెక్కే కారణం.