ఇంట్లోనే చక్కెర పరీక్ష: నీలిమందు సీసా నుంచి గ్లూకోమీటరు దాకా

మన సంఘ సమావేశంలో ఇద్దరు సభ్యులు కలుసుకుంటే మొదటి పలకరింపు "పెన్షన్ పడిందా?" అని, రెండోది "షుగరు ఎంతుంది?" అని. రెండో ప్రశ్నకు ఇప్పుడు చాలామంది ఆ ఉదయమే ఇంట్లో చూసుకున్న అంకె చెబుతున్నారు. అరవై ఏళ్ళ క్రితం ఆ అంకె డాక్టరుగారికే తేలికగా దొరికేది కాదు. అది మన చేతికి ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ జబ్బుకు మన పూర్వులు పెట్టిన పేరు మధుమేహం. మూత్రం తియ్యగా ఉంటుందని, దానికి చీమలు పడతాయని ప్రాచీన వైద్యులు గమనించారు. ఆ తీపికి కారణం చక్కెరేనని 1776లో ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ప్రయోగం చేసి చూపాడు. 1908లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనిడిక్ట్ మైలుతుత్తం, సోడియం కార్బొనేటు, సోడియం సిట్రేటు కలిపి ఒక నీలి ద్రావణం తయారుచేశాడు. అయిదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించాలి. రంగు మారకపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు వరుసన వస్తే చక్కెర పెరుగుతున్నట్టు.

మన జంపని, వేమూరు ప్రాంతాల్లో కూడా పాతతరం షుగరు రోగులకు ఈ నీలిమందు సీసా, పరీక్షనాళిక, స్పిరిట్ దీపం పరిచయమే. రక్తపరీక్ష కావాలంటే పరగడుపున రేపల్లె బండి పట్టుకుని తెనాలి వెళ్ళాలి. మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకునేవారు. మందు సీసాను తడి ఇసుకలో ఉంచేవారు. గాజు సిరంజిని రోజూ మరగబెట్టేవారు. నాళికలో రంగు మారకపోతే ఇంటిల్లిపాదికీ సంతోషం. ఒకరోజు రాత్రి కూడా నీలమే ఉంది. తెల్లవారుజామున ఆయనకు ఒళ్ళంతా చెమటలు పట్టి మాట తడబడింది. అమ్మ పంచదార నీళ్ళు పట్టిస్తే తేరుకున్నారు. నీలం రంగు ఉండగా ఇలా ఎందుకు జరిగిందో అప్పుడు మాకు అర్థం కాలేదు.

కారణం ఇది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. వయసు మళ్ళినవారిలో ఆ హద్దు ఇంకా పెరగవచ్చు. కనుక 150 ఉన్నా నీలమే, 50 ఉన్నా నీలమే. పైగా మూత్రం చెప్పేది గడిచిన కొన్ని గంటల సంగతి, ఈ క్షణం సంగతి కాదు.

రక్తాన్నే చూడాలన్న ప్రయత్నంలో ముఖ్యమైన పద్ధతి అమెరికాలోని హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్, వూ 1920 ప్రాంతంలో రూపొందించారు. అందులో చివరకు వచ్చే నీలిరంగు గాఢతను బట్టి చక్కెర లెక్క కట్టేవారు. ఫోలిన్ అధిపతిగా ఉన్న ఆ విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేశారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష కూడా అటువంటి నీలిరంగును కొలిచేదే.

ఇంటి పరీక్షలో తర్వాతి మార్పులు ఏమ్స్ కంపెనీ నుంచి వచ్చాయి. 1941లో దీపం అవసరం లేని క్లినిటెస్ట్ మాత్ర, 1956లో ఆల్‌ఫ్రెడ్, హెలెన్ ఫ్రీ దంపతుల కృషితో మూత్రంలో ముంచే క్లినిస్టిక్స్ పట్టీ వచ్చాయి. 1960ల నడుమ వచ్చిన డెక్స్ట్రోస్టిక్స్ పట్టీ మీద రక్తపు చుక్క వేసి, నిమిషం ఆగి, నీళ్ళతో కడిగి, రంగును అట్టతో పోల్చాలి. కళ్ళు మసకబారినవారికి అది కష్టమే. ఆ రంగును చదివే మొదటి యంత్రాన్ని అదే కంపెనీ 1970లో తెచ్చింది. బరువు కిలో పైమాటే, ధర దాదాపు 500 డాలర్లు. వైద్యులకే అమ్మేవారు.

రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకు పన్నెండో ఏటి నుంచి షుగరు. తన భార్య డాక్టరు కావడంతో ఆమె పేరున ఆ యంత్రం తెప్పించుకుని, రోజుకు అయిదారుసార్లు చూసుకుంటూ ఇన్సులిన్‌నూ ఆహారాన్నీ సరిచేసుకున్నాడు. ఆ అనుభవం రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. దాంతో నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరి, 1983లో డాక్టరయ్యాడు. 2025లో తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

రోగి స్వయంగా చూసుకోవడం వల్ల మేలుందా అన్న అనుమానాన్ని 1993లో వెలువడిన అమెరికా, కెనడాల అధ్యయనం చాలావరకు తీర్చింది. టైప్ 1 షుగరున్న 1,441 మందిలో ఒక వర్గం రోజుకు కనీసం నాలుగుసార్లు రక్తం చూసుకుని ఇన్సులిన్ సర్దుకున్నారు. అప్పటికి కంటిజబ్బు లేనివారిలో అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. అయితే ప్రమాదకరంగా చక్కెర పడిపోవడం సుమారు మూడు రెట్లు పెరిగింది. మనవంటి టైప్ 2 వారికి కూడా అదుపు వల్ల కన్ను, మూత్రపిండాల నష్టం తగ్గుతుందని 1998లో బ్రిటన్ అధ్యయనం చెప్పింది.

ఇప్పటి మీటరు జేబులో పడుతుంది, అయిదారు సెకన్లలో అంకె చూపుతుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా షుగరు రోగులున్నారు. అందుచేత సభ్యులకు కొన్ని మనవులు.

చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే సూది గుచ్చుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే లేని షుగరు కనిపిస్తుంది. గడువు దాటిన, తేమ తగిలిన స్ట్రిప్పులు వాడరాదు. ఒకరి సూది మరొకరు వాడరాదు. మంచి మీటరులోనూ 15 శాతం తేడా ఉండవచ్చు. 200 చూపితే అసలు 170 కావచ్చు, 230 కావచ్చు. కనుక ఒక్క అంకె చూసి మందు మార్చుకోకండి. తేదీ, వేళ, తిన్నది పుస్తకంలో రాసి డాక్టరుగారికి చూపండి. మాత్రలతో అదుపులో ఉన్నవారు ఎన్నిసార్లు చూసుకోవాలో కూడా ఆయన్నే అడగండి. స్ట్రిప్పుల ఖర్చు తక్కువేం కాదు.

అంకె 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఈ సంగతి ఇంట్లోవారికి కూడా చెప్పి ఉంచండి. ఆ తెల్లవారుజామున మా అమ్మ దగ్గర మీటరు లేదు, ఊహ మీదే పంచదార కలిపింది. మన ఇళ్ళలో వాళ్ళు ఆ ఊహ మీద ఆధారపడే అవసరం ఇప్పుడు లేదు.